తిరిగే బండికి పాత డిష్షు నిలపడం



పంట ఒకచోట నిలిచి ఉంటుంది గాని, పంట పని చేసేవాళ్లందరూ ఒకచోట నిలిచి ఉండరు. వరికోత యంత్రం వెంట జిల్లాలు దాటి పోయేవారున్నారు. తేనెటీగల పెట్టెలు లారీకెత్తుకొని, పూత ఎక్కడుంటే అక్కడికి తరలిపోయేవారున్నారు. బాతుల మందతోనూ, గొర్రెల మందతోనూ నెలల తరబడి ఊరు విడిచి ఉండేవారున్నారు. వీరిలో కొందరు వ్యాను వెనక భాగానికో, ట్రాక్టరు ట్రక్కుకో కప్పు వేయించి, లోపల మంచం, పొయ్యి అమర్చుకొని, దానినే ఇల్లు చేసుకుంటారు. విదేశాలలో ఇటువంటి బండిని సకల సదుపాయాలతో తయారుచేసి మోటారు హోము అంటారు. మనది అంత వైభవంగా లేకపోయినా, అదీ ఇల్లే, ఇదీ ఇల్లే.

అటువంటి ఇంటికి టెలివిజను కావాలంటే కొత్త సామాను కొనవలసిన పని లేదు. పనిలేక మేడల మీద పడి ఉన్న పాత డిష్షులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కొద్ది డబ్బుకే దొరుకుతాయి. చిక్కల్లా ఎక్కడంటే, బండి కదిలినప్పుడల్లా డిష్షును తిరిగి నిలపాలి. నిలపడానికి ప్రతి మకాములోనూ మెకానిక్కును పిలిపిస్తే, నాలుగు మకాములు తిరిగేసరికి కూలి డబ్బు డిష్షు ధరను మించిపోతుంది. ఆ తరువాత ఆ డిష్షు గాబు మీద మూతగా మిగిలిపోతుంది. కనుక డిష్షు నిలిపే పనిని మీరే నేర్చుకోవాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. గోడ నిలువు చూడగలిగినవాడు, నాగలి చాలు తిన్నగా తోలగలిగినవాడు ఈ పని చేయగలడు.

మొదట, డిష్షు చేసే పని ఏమిటో చూద్దాం. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, కొన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయి. భూమి ఒకసారి తన చుట్టూ తాను తిరిగేసరికి అవీ ఒకసారి చుట్టివస్తాయి. అందుచేత మనకు అవి ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టుంటాయి. దూరదర్శన్ వారి ఉచిత ప్రసారాలు, అంటే డి.డి. ఫ్రీ డిష్, జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తాయి. దీనిని 2015 నవంబరులో ప్రయోగించారు. ఇది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నిలిచి ఉంటుంది. ఈ ప్రసారాలకు నెల చందా లేదు. తెలుగు కార్యక్రమాలకు యాదగిరి, సప్తగిరి ఛానళ్లున్నాయి. 2015 మే 26న మొదలైన డి.డి. కిసాన్ కూడా ఇందులోనే వస్తుంది.

అంత దూరం నుంచి వచ్చే తరంగం మనను చేరేసరికి చాలా బలహీనమై ఉంటుంది. డిష్షు దానిని పోగుచేసి ఒక బిందువు దగ్గరకు తెస్తుంది. చేటలో గింజలు ఒక మూలకు చేర్చినట్టన్నమాట. ఆ బిందువు దగ్గర, చేయి చివర ఉండే చిన్న డబ్బాను ఎల్.ఎన్.బి. అంటారు. అది తరంగాన్ని అందుకొని, బలపరచి, వైరు ద్వారా సెట్‌టాప్ బాక్సుకు పంపుతుంది. డిష్షులో కరెంటూ లేదు, యంత్రమూ లేదు. దాని విలువంతా దాని వంపులో ఉంది. దాని పనంతా అది నిలిచిన తీరులో ఉంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతాదంతా తేలిక.

ఉపగ్రహం ద్వారా పల్లెకు టెలివిజను రావడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, అమెరికా వారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో, ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఆనాటి డిష్షు కోళ్ల దొడ్డికి వేసే తీగవలతో చేసినది. అడ్డంగా 3 మీటర్లుండేది. ఇప్పుడు 60 సెంటీమీటర్ల డిష్షు చాలు. సౌకర్యం పెరిగింది, కాని తరంగం పొట్టిదైంది. పొట్టి తరంగానికి డిష్షు వంపు మరింత కచ్చితంగా ఉండాలి.

ఇక కొనడం సంగతి. సంతలో ఎద్దును కొనేముందు పళ్లు చూస్తాం, గిట్టలు చూస్తాం, నడిపించి చూస్తాం. పాత డిష్షును కూడా అలాగే చూడాలి.

మొదటి పరీక్ష వంపుకు. రెండు సన్నని దారాలు తీసుకోండి. ఒకటి డిష్షు పై అంచు నుంచి కింది అంచుకు, రెండవది ఎడమ అంచు నుంచి కుడి అంచుకు బిగించి కట్టండి. రెండు దారాలూ నడిమధ్యలో ఒకదానినొకటి తాకీ తాకనట్టుండాలి. మధ్య సందు కనిపించినా, ఒకటి రెండవదానిని నొక్కి వంచుతున్నా, డిష్షు వంకర పోయిందని అర్థం. దానిని ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఈ ప్రసారాల తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లకు కాస్త పైన. కనుక నాలుగైదు మిల్లీమీటర్ల సొట్ట అరచేయంత మేర ఉంటే నష్టమే. రంగు వెలిసిపోవడం, పైపైన తుప్పు పట్టడం మాత్రం లోపాలు కావు. దళసరిగా రంగు పూసి ఉంటే, కింద సొట్టలున్నాయేమో చేతితో తడిమి చూడండి.

రెండవ పరీక్ష చేయికి. ఎల్.ఎన్.బి.ని మోసే చేయి వంగి ఉండకూడదు. ఆ చేయి ఆ డిష్షుతో పుట్టినదై ఉండాలి. ఒక డిష్షుకు మరొక డిష్షు చేయి బిగిస్తే బిందువు తప్పిపోతుంది.

మూడవ పరీక్ష ఎల్.ఎన్.బి.కి. ముందుండే ప్లాస్టిక్ మూత పగిలిందా చూడండి. పగిలితే నీరు దిగి ఉంటుంది. వైరు బిగించే మరలో ఆకుపచ్చని చిలుము పట్టి ఉంటే అనుమానించవలసిందే. ఎల్.ఎన్.బి. కొత్తది కొన్నా పెద్ద ఖర్చు కాదు. దాని మీద 9750, 10600 అనే అంకెలుంటే బాక్సులో కూడా అవే అంకెలు పెట్టాలి.

ఇక బాక్సు. చందా కట్టే కంపెనీల బాక్సులు ఉచిత ప్రసారాలకు పనికివస్తాయని నమ్మి కొనకండి. ఉచిత ప్రసారాలకని చెప్పి అమ్మే బాక్సునే, పనిచేయించి చూసి కొనండి. మరీ పాతకాలపు ఎంపెగ్-2 బాక్సుకు ఎంపెగ్-4లో వచ్చే ఛానళ్లు రావు. మరొక మాట: సామాను అమ్మేవాడిదేనా, కంపెనీవారు అద్దెకిచ్చినదా అని అడిగి తెలుసుకోండి. చవకబేరం చిక్కు తెచ్చిపెట్టకూడదు.

సామాను సమకూడింది. ఇప్పుడు చోటు చూద్దాం. ఆ ఉపగ్రహం మన తెలుగు ప్రాంతాలకు ఆగ్నేయ దిక్కున, బాగా ఎత్తున ఉంటుంది. ఆగ్నేయం తెలియని రైతు ఉండడు. ఇంట్లో వంటగదికి చెప్పే మూల అదే. పరాయి ఊళ్లో దిక్కు తెలియకపోతే రాత్రివేళ ధ్రువనక్షత్రానికి వీపు పెట్టి నిలబడండి. ముఖం దక్షిణానికి ఉంటుంది, ఎడమచేయి తూర్పును చూపుతుంది. ఆ రెంటి నడిమి దారి ఆగ్నేయం. దిక్సూచి ఉంటే మరీ మంచిది. అయితే ట్రాక్టరు పక్కన నిలబడి దిక్సూచి చూడవద్దు. ఇనుము ముల్లును లాగేస్తుంది. పది అడుగులు దూరంగా జరిగి చూడండి.

ఉత్తరం నుంచి తూర్పు మీదుగా లెక్కిస్తే, తిరుపతిలో ఈ దిక్కు సుమారు 133 డిగ్రీలు, కర్నూలులో 135, హైదరాబాదులో 138, విజయవాడలో 141, విశాఖపట్నంలో 149. అంటే ఉత్తరాంధ్రకు పోయినకొద్దీ డిష్షును దక్షిణం వైపు కాస్త తిప్పాలి. ఇక ఎత్తు, అంటే నేల మట్టం నుంచి పైకి చూసే కోణం, ఆదిలాబాదులో సుమారు 61 డిగ్రీలు, హైదరాబాదులో 63, కర్నూలులో 64, విజయవాడలో 65 దాటి, తిరుపతిలో 67. రెండు రాష్ట్రాలకూ కలిపి తేడా ఆరు డిగ్రీలే. పక్క మండలానికి పోతే ఎత్తు మార్చే పనే ఉండదు.

చూపు ఇంత ఎత్తున ఉండడం మనకు మేలు. ఆగ్నేయంలో చెట్టుంటే, ఆ చెట్టు ఎత్తులో సగానికి మించిన దూరంలో డిష్షు పెడితే చాలు. పది మీటర్ల కొబ్బరిచెట్టుకు ఐదారు మీటర్లు ఎడం ఉండాలన్నమాట. ఆకు అడ్డం వస్తే గాలి వీచినప్పుడల్లా బొమ్మ చెదురుతుంది.

చోటు చూసేటప్పుడు తల పైకెత్తి కరెంటు తీగలు చూడడం మరవకండి. ఇది అన్నిటికంటె ముఖ్యమైన మాట. గొట్టం చేజారి ఏ పక్కకు పడినా తీగను తాకనంత దూరంలోనే పని చేయాలి. తీగల కింద బండి కప్పు మీదికెక్కి ఇనుప గొట్టం నిలపడం ప్రాణంతో చెలగాటం. మకాము కాస్త దూరం జరిగితే నష్టం లేదు. పొయిన మనిషి తిరిగి రాడు.

బండి కప్పు మీద బిగిస్తే సౌకర్యం కదా అని కొందరంటారు. బండి టైర్ల మీద, కమానుల మీద నిలుస్తుంది. లోపల మనిషి లేచి నడిస్తే కదులుతుంది. 60 సెంటీమీటర్ల డిష్షు అంచు ఒక్క సెంటీమీటరు జరిగితే చూపు ఒక డిగ్రీ తప్పుతుంది. ఇక్కడ ఒక డిగ్రీ అంటే ఉపగ్రహం దగ్గర 600 కిలోమీటర్లకు పైమాటే. కనుక డిష్షును నేల మీద, మూడు కాళ్ల స్టాండుకు బిగించండి. కాళ్ల మీద ఇసుక సంచులు వేయండి. బండిలోకి పది, పదిహేను మీటర్ల వైరు లాగితే సరిపోతుంది.

స్టాండు గొట్టం నిట్టనిలువుగా ఉండాలి. మేస్త్రీ గోడ నిలువు చూసే గుండుతో రెండు పక్కల నుంచి చూడండి. ఒక పక్క నుంచి చూసి సరే అనుకోవద్దు. ఆ గొట్టం నిలువు కుదిరితే సగం పని అయినట్టే. ఏమంటారా? గొట్టం నిలువుగా ఉంటే, డిష్షును ఎటు తిప్పినా దాని ఎత్తు మారదు. అప్పుడు వెతకవలసింది ఒక్క దిక్కునే. గొట్టం ఒరిగి ఉంటే, దిక్కు తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారుతుంది. రెండు కుందేళ్ల వెంట పడినట్టవుతుంది.

తరువాత ఎత్తు. డిష్షు వెనక బిగింపు మీద డిగ్రీల గీతలుంటాయి. మీ ప్రాంతపు అంకె దగ్గర బిగించండి. మన ఇళ్ల మీద ఉండే డిష్షులలో చేయి కింది అంచు నుంచి వస్తుంది. ఇటువంటి డిష్షు ముఖం నిజంగా చూసే ఎత్తుకంటె కిందికి చూస్తున్నట్టు కనబడుతుంది. అది చూసి కంగారుపడి పైకెత్తవద్దు. తయారుచేసినవారు ఆ తేడాను లెక్కలో పెట్టుకొనే గీతలు గీశారు. గీతలు చెరిగిపోతే ఒక ఉపాయముంది. డిష్షు వెనక్కు సుమారు 40 డిగ్రీలు వాలి ఉండాలి. నిలువున 60 సెంటీమీటర్లున్న డిష్షుకు, పై అంచు కింది అంచుకంటె సుమారు 38 సెంటీమీటర్లు వెనక్కు ఉంటుంది. గుండు వేలాడదీసి కొలవండి. ఇది మొదలుపెట్టడానికి చాలు, తరువాత సరిదిద్దుకోవచ్చు.

వైరు కలిపేటప్పుడు బాక్సు కరెంటు ఆపండి. ఆ వైరులో బాక్సు నుంచి ఎల్.ఎన్.బి.కి 13 లేక 18 వోల్టులు పోతాయి. వైరు పై అల్లిక తాలూకు ఒక్క పోగు నడిమి తీగకు తాకినా పని చెడుతుంది. పోగులన్నీ వెనక్కు మడిచి మర బిగించండి. బిగించిన చోట నీరు దిగకుండా టేపు చుట్టండి.

ఇప్పుడు బాక్సు తెర మీద సిగ్నలు చూపే పేజీ తెరవండి. రెండు గీతలు కనిపిస్తాయి, ఒకటి స్ట్రెంతు, రెండవది క్వాలిటీ. స్ట్రెంతు చూసి సంతోషించకండి. డిష్షు గోడ వైపు చూస్తున్నా అది కొంత కనిపిస్తుంది. మనకు కావలసింది క్వాలిటీ. ఒకరు తెర దగ్గర కూర్చోవాలి, ఒకరు డిష్షు దగ్గర ఉండాలి. మర కొద్దిగా వదులు చేసి, ఆగ్నేయానికి కాస్త తూర్పు నుంచి మొదలుపెట్టి, దక్షిణం వైపు వేలి మందం చొప్పున తిప్పండి. తిప్పినప్పుడల్లా ఐదు లెక్కపెట్టి ఆగండి. బాక్సు తెలుసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. చాలామంది తొందరపడి ఉపగ్రహాన్ని దాటిపోతారు, తరువాత ఎల్.ఎన్.బి. చెడిందంటారు. ఒక చుట్టు తిప్పినా దొరకకపోతే, ఎత్తు ఒక డిగ్రీ మార్చి మళ్లీ తిప్పండి.

క్వాలిటీ కనిపించగానే అక్కడే ఆపి బిగించకండి. అది తగ్గేదాకా ఇంకా తిప్పండి, తగ్గిన తరువాత వెనక్కు రండి. రెండు వైపులా తగ్గే చోట్లకు నడిమధ్య ఆపండి. ఎత్తుకూ అదే పద్ధతి. చివరగా ఎల్.ఎన్.బి.ని దాని పట్టీలోనే మెల్లగా అటూ ఇటూ తిప్పి, క్వాలిటీ ఎక్కువగా ఉన్నచోట బిగించండి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు. ఎండలో బొమ్మ బాగానే వస్తుంది గాని, చినుకు పడితే పోతుంది. అప్పుడు తెలుస్తుంది దాని విలువ. ఛానళ్లు వెతికిస్తే ఉచిత ఛానళ్ల బదులు అన్నీ తాళం పడినవే వస్తే, మీరు పక్క ఉపగ్రహాన్ని పట్టారన్నమాట. అవి కొద్ది డిగ్రీల ఎడంలోనే ఉంటాయి. మెల్లగా జరిపి చూడండి.

కుదిరిన తరువాత ఒక చిన్న పని చేయండి. ఎత్తు మర దగ్గరా, ఎల్.ఎన్.బి. పట్టీ దగ్గరా, చేతికి పూసే గోళ్ల రంగుతో గుర్తు పెట్టుకోండి. మరో ఊరు పోయినప్పుడు ఆ రెండూ విప్పవద్దు. గొట్టం నిలువు చూడడం, ఆగ్నేయానికి తిప్పడం, ఈ రెండే పనులు మిగులుతాయి. అలవాటైతే పావుగంటలో అవుతుంది. దారిలో డిష్షును బోర్లించి, కింద గోనెసంచి పరిచి తీసుకుపోండి. దాని మీద బరువు పెట్టవద్దు. వంపు పోతే అంతా పోయినట్టే.

బ్యాటరీ సంగతి చెప్పుకుందాం. టెలివిజనుకు 30 వాట్లు, బాక్సుకు 10 వాట్లు అనుకుంటే, 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. రెండు గంటలు చూస్తే 7 ఆంపియర్-గంటలు. బండి స్టార్టు చేసే బ్యాటరీతో ఇది నడిపిస్తే, ఒకనాటి ఉదయం బండి కదలదు. కోత రోజున బండి కదలకపోతే ఎంత నష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. టెలివిజనుకు వేరే బ్యాటరీ ఉంచండి. బాక్సు వెనక ఎన్ని వోల్టులని రాసి ఉందో చదివి కలపండి.

డిష్షుకు రెండు బలహీనతలున్నాయి. ఒకటి ఎండది. మార్చి నెలలోనూ, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లోనూ కొద్ది రోజులపాటు, పగలు పదకొండు గంటల ప్రాంతంలో సూర్యుడు ఉపగ్రహం వెనక్కు వస్తాడు. అప్పుడు కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. దేన్నీ తిప్పవద్దు, తనంత తానే వస్తుంది.

రెండవది వానది. జోరువానలో ఈ పొట్టి తరంగం నీటి చుక్కలలోనే చిక్కిపోతుంది. మబ్బు బాగా కమ్మి కుండపోత పట్టినప్పుడు మంచి డిష్షు కూడా మూగబోతుంది. అంటే వాతావరణ హెచ్చరిక ఎప్పుడు ఎక్కువ అవసరమో, అప్పుడే టెలివిజను మనను విడిచిపెట్టవచ్చు. కనుక బండిలో డిష్షు ఉన్నా, ఒక చిన్న రేడియో, దానికి సరిపడే సెల్లులు తప్పక ఉంచుకోండి. తుపాను వార్త వినగానే డిష్షును దింపి లోపల పెట్టండి. గాలికి అది పడవ తెరచాపలా పనిచేస్తుంది. ఉరుములు మెరుపులు మొదలు కాకముందే వైరు తీసివేయండి. మెరుపులు మొదలయ్యాక గొట్టం దగ్గరకు పోవద్దు.

గ్రామసేవలో ఉన్న మిత్రులకు ఒక మనవి. వలస వచ్చిన కోత ముఠాలు, మందల కాపరులు మన సమావేశాలకు రారు. ఊరి చావడిలో అతికించిన ప్రకటన వారు చూడరు. వారి మకాముకు మీరు ఒక సాయంత్రం వెళ్లి, దారాల పరీక్ష, గుండుతో నిలువు చూడడం, ఈ రెండూ చేసి చూపించండి. మీరు బిగించి ఇవ్వకండి, వారి చేతనే బిగించనివ్వండి. పై మకాములో మీరుండరు గదా.

చివరగా క్లుప్తంగా చెప్తాను. వంపు చూసి కొనండి. తీగలకు దూరంగా నిలపండి. గొట్టం నిలువు చూసి, ఆగ్నేయానికి నిదానంగా తిప్పండి. గుర్తు పెట్టుకోండి. వానకు రేడియోను నమ్ముకోండి. ఇలా చేస్తే మీ ఇల్లు ఏ ఊళ్లో నిలిచినా, వాన కబురు, ధరవరల కబురు, సాయంత్రం పూట పిల్లలకు కాస్త వినోదం, మీ వెంటే వస్తాయి.

సెలవు.